పాదం నొప్పికి కారణం తేలేలోగా: ఏం చేయాలి, ఏం చేయకూడదు

పాదం నొప్పి నెలల తరబడి ఉంది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. రక్తపరీక్షల రిపోర్టులు ఇంకా రాలేదు, లేదా స్పెషలిస్టు అపాయింట్‌మెంట్ మూడు వారాల తర్వాత ఉంది. ఈలోగా పొద్దున లేవాలి, వంట చేయాలి, బస్సెక్కాలి, డ్యూటీలో నిలబడాలి. జబ్బు పేరు తేలాక ఏం చేయాలో చెప్పేవాళ్ళు చాలామందే ఉంటారు. పేరు తేలని రోజులు ఎలా గడపాలో చెప్పేవాళ్ళు తక్కువ. నేనూ అలాంటి నెలలు గడిపినదాన్నే కాబట్టి ఇది రాస్తున్నాను.

ఈ సమయంలో గుర్తుంచుకోవాల్సినవి రెండు. పాదాన్ని ఇంకా చెడగొట్టుకోకూడదు. డాక్టరుకు దారి చూపించే ఆనవాళ్ళను చెరిపేయకూడదు. రెండోది చాలామందికి తట్టదు. ఎలాగోలా నొప్పి తగ్గితే చాలనుకుని చేసే పనులే కొన్నిసార్లు కారణం దొరక్కుండా చేస్తాయి. కింద చెప్పే ప్రతి సలహా ఈ రెండింటినీ దృష్టిలో పెట్టుకుని చెప్పిందే.

1. ముందుగా, ఆగకూడని నొప్పి కాదని తేల్చుకోండి

కొన్ని లక్షణాలు కనిపిస్తే అపాయింట్‌మెంట్ తేదీ కోసం చూడకండి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి.

పాదం ఉన్నట్టుండి చల్లబడి, పాలిపోయో నీలంగానో మారి, విపరీతంగా నొప్పి పుడితే కాలికి రక్తం అందడం లేదేమోనని అనుమానించాలి. అక్కడ గంటలే లెక్క. 108కి ఫోన్ చేయండి. ఒక పిక్క మాత్రమే వాచి, బిగుసుకుపోయి నొప్పి పెడుతుంటే లోపలి రక్తనాళంలో గడ్డ కట్టి ఉండొచ్చు. ఆ కాలికి నూనె రాసి మర్దన చేయించుకోకండి. దానికి ఆయాసం, ఛాతీలో నొప్పి తోడైతే అది ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి.

జ్వరంతో పాటు కీలు ఎర్రబడి వాచినా, దెబ్బ తగిలాక నాలుగు అడుగులు కూడా వేయలేకపోయినా ఆగొద్దు. పాదం పైకి లేవక ఈడ్చుకుంటూ నడవాల్సి వచ్చినా అంతే. నడుం నొప్పితో పాటు మూత్రం మీద పట్టు తప్పినా, ఆ చుట్టుపక్కల స్పర్శ తగ్గినా వెన్నులో నరాలు నొక్కుకుపోయాయేమో వెంటనే చూడాలి.

షుగర్ ఉన్నవాళ్ళకు ఇంకో మాట. ఒక పాదం ఎర్రబడి, వేడెక్కి, వాచి ఉంటే, నొప్పి పెద్దగా లేకపోయినా సరే, దాని మీద బరువు వేయడం ఆపి వెంటనే చూపించుకోండి. షార్కో పాదం అనే స్థితి ఇలాగే మొదలవుతుంది. నడిచేకొద్దీ లోపల ఎముకలు విరిగి పాదం ఆకారమే మారిపోతుంది. చిన్న పుండునైనా, నల్లబడిన వేలినైనా "రేపు చూద్దాం" అనుకోవద్దు.

ఇంత అర్జెంటు కాకపోయినా త్వరగా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి: నిద్రలోంచి లేపే నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, పెరుగుతున్న గడ్డ, చర్మం మీద స్పర్శ తెలియని మచ్చ. చివరిది కుష్ఠు లక్షణం కావొచ్చు. అది మందులతో పూర్తిగా నయమవుతుంది, ప్రభుత్వ ఆసుపత్రుల్లో వైద్యం ఉచితం. సిగ్గుపడి ఆలస్యం చేస్తేనే నరాలు దెబ్బతింటాయి.

2. ఒక నోట్‌బుక్ పెట్టండి, పాదం బొమ్మ గీయండి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన పని, ఖర్చు లేని పని. డాక్టరు గదిలో మీకు దొరికేది కొద్ది నిమిషాలు. "ఎక్కడ నొప్పి?" అనగానే "కాలంతా సార్" అంటే ఆ నిమిషాలు వృథా.

తెల్లకాగితం మీద పాదం మోపి చుట్టూ పెన్సిల్‌తో గీయండి. అలాంటివి రెండు గీసి, ఒకటి పైభాగం అని, ఒకటి అరికాలు అని రాయండి. నొప్పిని ఒక్క వేలితో చూపించగలిగితే అక్కడ చుక్క పెట్టండి. పరుచుకున్నట్టు ఉంటే ఆ మేరకు గీతలు కొట్టండి. రెండు కాళ్ళకూ ఉంటే రెండిటికీ వేరువేరుగా గీయండి.

ఈ చుక్కలు డాక్టరుకు చాలా చెబుతాయి. మడమ అడుగున, లోపలి అంచు వైపు, పొద్దున మొదటి అడుగులకే ప్రాణం పోయినట్టుంటే ప్లాంటార్ ఫేషియైటిస్ (అరికాలి అడుగున ఉండే పట్టీ దెబ్బతినడం) వైపు చూస్తారు. మడమ వెనక పైన ఉంటే అకిలిస్ స్నాయువు, అంటే పిక్క కండరాన్ని మడమకు కలిపే తాడు లాంటిది. మూడో, నాలుగో వేళ్ళ మధ్య మండుతూ, చెప్పులో గులకరాయి ఉన్నట్టు అనిపిస్తే అక్కడి నరం ఉబ్బిందేమో చూస్తారు. బొటనవేలి మొదట్లో రాత్రికి రాత్రే ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతే గౌట్, అంటే యూరిక్ యాసిడ్ కీళ్ళలో పేరుకుని వచ్చే వాపు. పాదం పైన ఒక ఎముక మీద ఒకే చోట నొక్కితే నొప్పి, నడిచేకొద్దీ ఎక్కువవడం, ఇవి సన్నటి పగులుకు గుర్తులు. సాక్సు తొడిగినంత మేర రెండు పాదాల్లోనూ మంటలు, తిమ్మిర్లు ఉండి రాత్రిపూట ఎక్కువైతే నరాల సమస్య. ఇవి చదివి మీకు మీరే జబ్బు పేరు పెట్టుకోవద్దు. ఒకే చోట రెండు మూడు కారణాలు కలిసి ఉండొచ్చు. మీరు గీసే బొమ్మ ఎంత పనికొస్తుందో తెలియాలని మాత్రమే చెబుతున్నాను.

తర్వాత సమయం రాయండి. పొద్దున లేచాక ఆ పట్టేసినట్టు ఉండటం ఎన్ని నిమిషాలకు తగ్గుతోంది? పది నిమిషాల్లో సర్దుకోవడం వేరు, అరగంట గంట దాటడం వేరు. రెండోదైతే రుమటాయిడ్ లాంటి వాతజబ్బుల వైపు ఆలోచిస్తారు. కొంతదూరం నడవగానే పిక్కలు పట్టేసి, నిలబడితే చాలు రెండు మూడు నిమిషాల్లో తగ్గిపోతోందా? అది రక్తనాళాల సూచన, ముఖ్యంగా సిగరెట్, బీడీ అలవాటున్నవాళ్ళలో. నిలబడితే తగ్గదు, కూర్చుంటేనో ముందుకు వంగితేనో తగ్గుతుందంటే నడుం దగ్గరి నరాలు కావొచ్చు.

ఎలాంటి నొప్పో మీ ఇంట్లో అనే మాటతోనే రాయండి: సలుపు, పోటు, మంట, తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు, గుంజినట్టు, మొద్దుబారినట్టు. పదికి ఎంత అని అంకె వేసే అలవాటు మంచిదే కానీ, ఆ రోజు ఏ పని చేయలేకపోయారో రాస్తే ఇంకా బాగా తెలుస్తుంది. "రైతుబజారుకు నడిచి వెళ్ళలేదు, ఆటో ఎక్కాను" అన్న వాక్యం అంకె కంటే నయం.

పాదానికి సంబంధం లేదనిపించేవి కూడా ఒక పేజీలో రాయండి. నడుం పొద్దునపూట పట్టేసి కదిలేకొద్దీ వదులుతోందా, కళ్ళు ఎర్రబడి నొప్పి పుట్టిందా, తల మీదో మోచేతుల మీదో పొలుసులు రాలుతున్నాయా, ఇంట్లో ఎవరికైనా సొరియాసిస్, వాతం ఉన్నాయా. చిన్న వయసులో రెండు మడమల నొప్పికి వెన్నెముక వాతం కారణమయ్యే అవకాశం ఉంది. మడమ గురించి వెళ్ళినవాళ్ళు నడుం సంగతి ఎత్తరు, అందుకే అది తేలడానికి ఏళ్ళు పడుతుంది. ఈమధ్య జ్వరం వచ్చి తగ్గిందా? చికున్‌గున్యా తర్వాత చీలమండల నొప్పులు నెలల తరబడి ఉండటం 2005-06లో మన జిల్లాలు కళ్ళారా చూసినదే. కొత్తగా వాడిన మందులు కూడా రాయండి. సిప్రోఫ్లాక్ససిన్, లీవోఫ్లాక్ససిన్ లాంటి యాంటీబయాటిక్స్ కొందరిలో మడమ వెనక స్నాయువును దెబ్బతీస్తాయి. నీరు తీసే బీపీ మాత్రలు యూరిక్ యాసిడ్ పెంచుతాయి.

వాపు, ఎరుపు కనబడ్డ రోజున ఫోన్‌తో ఫొటో తీసి ఉంచండి. రెండు పాదాలూ పక్కపక్కన ఉండేలా, వెలుతురులో తీయండి. అపాయింట్‌మెంట్ నాటికి అది తగ్గిపోయి ఉంటుంది. మాటతో చెబితే నమ్మకపోయినా తేదీతో ఉన్న ఫొటోను పక్కన పెట్టలేరు.

3. నొప్పి మాత్రలు: ఏది వేసుకోవచ్చు, ఏది జబ్బును దాచేస్తుంది

అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఊళ్ళో వేసే "నొప్పుల సూది", పొట్లం కట్టి ఇచ్చే రంగురంగుల మాత్రలు. వాటిలో చాలాసార్లు డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్లు ఉంటాయి. రెండు గంటల్లో నొప్పి ఎగిరిపోతుంది, మనిషికి ప్రాణం లేచొస్తుంది. వాటితో పాటు వాపు పోతుంది, ఒంట్లో వాపును పట్టించే రక్తపరీక్షలు ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ తగ్గుతాయి. అప్పుడు స్పెషలిస్టు చూసేసరికి కనిపించేదేమీ ఉండదు. షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. స్టెరాయిడ్ వైద్యంలో లేదని కాదు. జబ్బు తేలాక, తెలిసిన డాక్టరు, లెక్క ప్రకారం ఇస్తే అది మంచి మందే. కారణం తెలియకముందు, పేరు లేని పొట్లంలో వద్దు. ఇప్పటికే వారాల తరబడి వాడుతుంటే ఒక్కసారిగా మానేయకండి, అదీ ప్రమాదమే. మిగిలిన మాత్రలు పట్టుకుని క్వాలిఫైడ్ డాక్టరు దగ్గరికి వెళ్ళి జరిగింది దాచకుండా చెప్పండి.

ఈలోగా వాడుకోదగ్గది పారాసెటమాల్. పెద్దవాళ్ళు 500 లేదా 650 మిల్లీగ్రాముల మాత్ర ఆరు గంటల తేడాతో వేసుకోవచ్చు. రోజు మొత్తానికి 3 గ్రాములు దాటనివ్వకండి. లివర్ జబ్బు, రోజూ మద్యం అలవాటు ఉంటే అడిగే వేసుకోవాలి. ఇక్కడ చాలామంది ఇరుక్కునేది స్ట్రిప్ వెనక చదవకపోవడం వల్ల. మెడికల్ షాపులో ఇచ్చే డైక్లోఫెనాక్, ఏసిక్లోఫెనాక్ మాత్రల్లో చాలావాటిలో పారాసెటమాల్ కలిసే ఉంటుంది. రెండూ వేసుకుంటే మోతాదు దాటిపోతుంది.

డైక్లోఫెనాక్, ఏసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి డాక్టరు రాస్తే, చెప్పినన్ని రోజులే. కిడ్నీ సమస్య, కడుపులో పుండు, గుండెజబ్బు, బీపీ మాత్రలు, రక్తం పలుచబడే మందులు ఉన్నవాళ్ళు, గర్భిణులు సొంతంగా తీసుకోకూడదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఉన్నవాళ్ళకైతే ఇది గట్టిగా చెప్పాలి. అక్కడ ఎంతోమందికి వస్తున్న కిడ్నీ జబ్బుకు కారణమే ఇంకా పూర్తిగా తేలలేదు. పొలం పనిచేసి ఒళ్ళునొప్పులకు రోజూ ఒక నొప్పి మాత్ర వేసుకోవడం ఆ కిడ్నీలు తట్టుకోలేవు. పైన రాసే డైక్లోఫెనాక్ జెల్ రక్తంలోకి తక్కువగా వెళ్తుంది కాబట్టి మాత్ర కంటే నయం. పుండు, పగుళ్ళు ఉన్నచోట రాయొద్దు.

ఏ మాత్ర వేసుకున్నా నోట్‌బుక్‌లో పేరు, టైము, ఎంతసేపటికి ఎంత తగ్గిందో రాయండి. కొన్ని వాతజబ్బుల్లో డైక్లోఫెనాక్ రకం మాత్రకు నొప్పి ఒకటి రెండు రోజుల్లో స్పష్టంగా తగ్గుతుంది. అదీ డాక్టరుకు ఒక ఆధారమే.

"బలానికి" అని వేసే బి12 ఇంజెక్షన్ గురించీ ఇదే మాట. తిమ్మిర్లకు బి12 లోపం ఒక కారణం. శాకాహారుల్లో, ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడే షుగర్ పేషెంట్లలో ఇది మామూలే. అయితే ముందు రక్తం ఇచ్చి, తర్వాత ఇంజెక్షన్. వరస తప్పితే రిపోర్టులో లోపం కనపడదు.

4. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోండి

మన ఇళ్ళలో మార్బుల్, గ్రానైట్, టైల్స్. వాటి మీద రోజంతా వట్టికాళ్ళతో నడుస్తాం. బయట ఎంత మంచి షూ వేసుకున్నా ఇంట్లో ఎనిమిది గంటలు రాయి మీద నడిస్తే ఆ షూ వల్ల ప్రయోజనం సగం పోతుంది. ఇంటికోసమే ఒక జత మెత్తటి చెప్పులు కొనండి, వాటితో గడప దాటొద్దు. వంటింట్లో చెప్పులేంటని పెద్దవాళ్ళు అభ్యంతరం చెబితే, ఇవి బయట మట్టి తొక్కినవి కావని, డాక్టరు చెప్పారని నెమ్మదిగా చెప్పండి. పూజగది దగ్గర విప్పి ఒక మందపాటి చాప మీద నిలబడొచ్చు. మంచం పక్కనే చెప్పులు పెట్టుకుంటే పొద్దున మొదటి అడుగు నేల మీద పడకుండా ఉంటుంది.

కొనేటప్పుడు చెప్పును చేత్తో వంచి చూడండి. వేళ్ళ దగ్గర వంగాలి, మధ్యలో రెండుగా మడతపడితే అది మీకు పనికిరాదు. అరిగిపోయిన హవాయి చెప్పులు ఈ నొప్పికి పెద్ద శత్రువులు. పూర్తిగా బల్లపరుపుగా ఉన్నదానికన్నా మడమ వైపు కాస్త ఎత్తు, అంటే ఒక అంగుళం లోపు ఉన్నది నయం. వెనక పట్టీ ఉంటే వేళ్ళతో చెప్పును పట్టుకుని నడవాల్సిన అవసరం ఉండదు. సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి అసలు కొలత తెలుస్తుంది. షూ అయితే పొడవాటి వేలి ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి.

స్పర్శ తగ్గినవాళ్ళకు, అరికాళ్ళ మంటలున్నవాళ్ళకు ఎంసీఆర్ చెప్పులు అడగండి. లోపల మెత్తటి రబ్బరు, అడుగున గట్టి సోల్ ఉంటాయి. కొత్త చెప్పులు మొదట్లో రోజుకు గంట చొప్పున వేసుకుని, విప్పాక అరికాలు అద్దంలో చూసుకోండి. ఎర్రటి గుర్తు కనిపిస్తే అక్కడ ఒరుసుకుంటోందని. వేసుకునే ముందు లోపల చేయి పెట్టి చూడటం అలవాటు చేసుకోండి. సిలికాన్ హీల్ కప్పులు మెడికల్ షాపుల్లో దొరుకుతాయి. ఒక కాలికే నొప్పైనా రెండు కాళ్ళకూ పెట్టుకోండి, లేకపోతే ఒక పక్క ఎత్తయి నడుం పడుతుంది. కొలతలు తీసి చేసే ఖరీదైన ఇన్‌సోల్స్ మాత్రం జబ్బు తేలాకే.

ఇక గుడి సంగతి. అలిపిరి దారిలో సుమారు 3,550 మెట్లు. మొక్కు ఉన్నా సరే, ఈ రోజుల్లో వద్దు. కారణం తెలిశాక తీర్చుకోవచ్చు. అయ్యప్ప దీక్ష 41 రోజులూ చెప్పులు లేకుండా గడపాలి కాబట్టి, మాల వేసుకునే ముందే గురుస్వామితో మీ ఆరోగ్యం సంగతి మాట్లాడండి. అందులోనూ షుగర్ వల్ల స్పర్శ తగ్గినవాళ్ళు ఎండాకాలం గుడి ప్రాంగణంలో వట్టికాళ్ళతో నడిస్తే అరికాళ్ళు బొబ్బలెక్కినా తెలియదు. పట్టాలు పరిచిన దారిలోనే, పొద్దున్నే వెళ్ళి రండి.

5. ఐస్, వేడి, వ్యాయామం

మడమ నొప్పికి ఐస్ పనిచేస్తుంది. చిన్న ప్లాస్టిక్ సీసాలో నీళ్ళు పోసి గడ్డకట్టించి, గుడ్డ చుట్టి, కుర్చీలో కూర్చుని అరికాలి కింద పది నిమిషాలు దొర్లించండి. స్పర్శ తగ్గినవాళ్ళు, రక్తప్రసరణ సరిగా లేనివాళ్ళు ఐస్ జోలికి వెళ్ళొద్దు.

వేడినీళ్ళలో ఉప్పు వేసి కాళ్ళు పెట్టుకోవడం మన ఇళ్ళలో మొదటి వైద్యం. స్పర్శ బాగా ఉన్నవాళ్ళకు గోరువెచ్చటి నీళ్ళు హాయిగానే ఉంటాయి. షుగర్ ఉన్నవాళ్ళు మాత్రం పాదం పెట్టి వేడి చూడకూడదు, మోచేయి పెట్టి చూడాలి. ఇంకా మంచిది, ఇంట్లో ఇంకొకరిని చూడమనడం. కాలిన పుండు వారాల తరబడి మానక వేలు తీసేయాల్సి వచ్చిన కుటుంబాలు ఉన్నాయి. ఆకు పసర్లు కట్టడం, వాతలు పెట్టించడం, ఆనెకాయను బ్లేడుతో కోయడం, ఇవేవీ వద్దు. మామూలు నూనెతో సున్నితంగా రాయించుకుంటే నష్టం లేదు, వాపు, ఎరుపు, పిక్కలో గట్టిదనం లేకపోతేనే.

వ్యాయామంలో ఈ దశలో రెండే చేయండి. మొదటిది మంచం దిగకముందు: నొప్పి ఉన్న కాలిని రెండో మోకాలి మీద వేసుకుని, వేళ్ళను చేత్తో మీ వైపు లాగి పది లెక్కపెట్టే దాకా పట్టుకోవాలి. అరికాలిలో తాడులా బిగిసింది చేతికి తగలాలి. ఇలా పది సార్లు. చాలాసేపు కూర్చుని లేచే ముందు కూడా చేయండి. రెండోది గోడకు చేతులు ఆనించి, నొప్పి ఉన్న కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకు ఆనేలా ఉంచి, పిక్క లాగేవరకు ముందుకు వంగడం, అరనిమిషం చొప్పున మూడు సార్లు. మడమ వెనక స్నాయువు అతుక్కునే చోటే నొప్పి ఉంటే ఈ రెండోది డాక్టరును అడిగాకే. ఎముక మీద ఒకే చోట నొక్కితే నొప్పిగా ఉంటే రెండూ వద్దు. పగులు లేదని తేలేదాకా ఆ కాలికి విశ్రాంతి కావాలి.

వ్యాయామం చేసిన మర్నాడు పొద్దున నొప్పి ఎప్పటికంటే పెరిగిందా చూడండి. పెరిగితే సగానికి తగ్గించండి. "నొప్పి ఉన్నా ఓర్చుకుని నడిస్తే అదే పోతుంది" అనే మాట వినకండి. అలాగని మంచం పట్టి పడుకోవడమూ వద్దు, కండరాలు తగ్గిపోయి తర్వాత లేవడం ఇంకా కష్టం. ఈత, సైకిల్, కూర్చుని చేసే కసరత్తులు ఒంట్లో బలం నిలుపుతాయి.

6. రోజు పనిని ముక్కలు చేసుకోండి

నొప్పి తక్కువగా ఉన్న రోజున పెండింగ్ పనులన్నీ చేసేయాలనిపిస్తుంది. ఇల్లు తుడిచి, బట్టలు ఉతికి, బజారుకు వెళ్ళొస్తే తర్వాత మూడు రోజులు లేవలేరు. మంచి రోజైనా చెడ్డ రోజైనా దాదాపు ఒకే పరిమాణంలో పని చేయడం నేర్చుకోవాలి. నాకు బాగా సాయపడింది ఇదే.

వంటింట్లో ఒక ఎత్తు స్టూల్ పెట్టుకోండి. కూరలు తరగడం, పిండి కలపడం, చపాతీలు ఒత్తడం కూర్చునే చేయొచ్చు. అలాగే ఇంట్లోవాళ్ళు కొన్ని పనులు పంచుకోవాలి. "నొప్పిగా ఉంది" అంటే ఎవరికీ ఏం చేయాలో తెలియదు. "సాయంత్రం అంట్లు మీరు తోమండి, నేను కూర్చుని కూర తరుగుతాను" అని పని పేరు పెట్టి అడగండి.

బట్టల షాపుల్లో పనిచేసే అమ్మాయిలు, టీచర్లు, నర్సులు, ట్రాఫిక్ కానిస్టేబుళ్ళు, వీళ్ళ కష్టం వేరు. కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల్లో సిబ్బందికి కూర్చునే వసతి ఉండాలని చట్టాలు సవరించాయి. నిలబడి చేసే పనికి ఆ హక్కు అందరికీ రావాల్సిందే. ప్రస్తుతానికి డాక్టరు దగ్గర "ఎక్కువసేపు నిలబడకూడదు" అని ఒక కాగితం రాయించుకుని యజమానికి ఇవ్వండి. జబ్బు పేరు లేకపోయినా పాదం నొప్పికి వైద్యం జరుగుతోందని రాసి ఇవ్వగలరు. కదలకుండా నిలబడాల్సి వస్తే ఒక చిన్న చెక్కపీట మీద ఒకసారి ఒక కాలు, ఒకసారి ఇంకో కాలు మార్చి పెట్టండి.

చేతికర్ర వాడాల్సి వస్తే నొప్పి లేని కాలి వైపు చేత్తో పట్టుకోవాలి. చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు. బండి గేర్లు ఎడమకాలితో మార్చేది కాబట్టి ఆ కాలికి నొప్పుంటే కొన్నాళ్ళు స్కూటీ వాడండి. బ్రేకు గట్టిగా తొక్కలేనంత నొప్పి కుడికాలిలో ఉంటే కారైనా బైకైనా నడపకండి.

7. రిపోర్టులు వచ్చాక కంగారు పడకండి

ఎక్స్‌రేలో "మడమ ఎముక పెరిగింది" అంటే గుండె జారిపోతుంది. నొప్పి లేని ఎంతోమందిలోనూ ఆ ఎముక కొస ఉంటుంది. దాన్ని కోసేయాలని వెంటనే ఎవరైనా అంటే ఇంకో డాక్టరును అడగండి. అలాగే ఎక్స్‌రే నార్మల్ అంటే నొప్పి అబద్ధమని కాదు. ఎముకలో సన్నటి పగులు మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు. నరాలు, స్నాయువులు ఎక్స్‌రేకి అసలు కనపడవు.

యూరిక్ యాసిడ్ ఎక్కువ ఉన్నంత మాత్రాన గౌట్ కాదు. గౌట్ నొప్పి లేచిన రోజున అది నార్మల్‌గా కూడా ఉండొచ్చు. రిపోర్టు చూడగానే పప్పు, పాలకూర, టమాటా మానేసి చారన్నంతో నీరసపడకండి. గౌట్ రిస్కును పెంచేవి ముఖ్యంగా మాంసం, కార్జం, కొన్ని రకాల చేపలు, బీరు, తీపి కూల్‌డ్రింకులు. రుమటాయిడ్ వాతం కోసం చేసే ఆర్‌ఏ ఫ్యాక్టర్ రక్తపరీక్ష కూడా ఇలాంటిదే: ఆరోగ్యవంతుల్లో పాజిటివ్ రావొచ్చు, జబ్బున్నవాళ్ళలో నెగటివ్ రావొచ్చు. అందుకే ల్యాబుల ప్యాకేజీలు సొంతంగా చేయించుకోవద్దు. డాక్టరు బొమ్మ చూసి, పాదం నొక్కి చూసి, అప్పుడు రాసిన పరీక్షకే విలువ. తెలంగాణలో బస్తీ దవాఖానాలు, పీహెచ్‌సీల్లో రాసిన రక్తపరీక్షలు తెలంగాణ డయాగ్నస్టిక్స్ ద్వారా ఉచితంగా చేస్తారు. పట్నం దూరమైతే ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సేవ ఈ-సంజీవని ద్వారా డాక్టరుతో ఉచితంగా వీడియోలో మాట్లాడొచ్చు.

8. రాత్రులు, మనసు

పడుకున్నప్పుడు బిగుతుగా కప్పిన దుప్పటి పాదాన్ని కిందికి వంచి ఉంచుతుంది. కాళ్ళ దగ్గర వదులుగా ఉంచండి. వాపు ఉంటే పిక్కల కింద దిండు పెట్టి ఎత్తులో ఉంచండి. కాలు కిందికి వేలాడదీస్తేనే హాయిగా ఉంటే మాత్రం రక్తప్రసరణ సమస్య కావొచ్చు, ఎత్తులో పెట్టకుండా త్వరగా చూపించుకోండి.

నొప్పి కంటే "ఏం లేదు, వయసు వచ్చింది, లావు తగ్గు" అనే మాటలే ఎక్కువ కుంగదీస్తాయి. పేరు తేలకపోవడం వల్ల ఇంట్లోవాళ్ళకు అనుమానం, మీకు టెన్షన్. మీకు నొప్పి ఉందంటే ఉన్నట్టే, ఏ రిపోర్టూ దాన్ని కాదనలేదు. వారాల తరబడి నిద్ర లేక, దేనిమీదా ఆసక్తి లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం.

9. అపాయింట్‌మెంట్ రోజు

రోజూ వేసుకునే చెప్పులే వేసుకుని వెళ్ళండి, కొత్తవి కాదు. అరిగిన తీరు చూసి డాక్టరు మీ నడక అంచనా వేస్తారు. గోళ్ళరంగు తీసేయండి. ప్యాంటు మోకాలి దాకా మడవడానికి వీలుగా ఉండాలి. పాదం బొమ్మ, ఫొటోలు, వాడిన మాత్రల స్ట్రిప్పులు, పాత ఎక్స్‌రే ఫిల్ములు ఒక కవర్లో పెట్టుకోండి. గదిలోకి వెళ్ళగానే మూడు వాక్యాలు చెప్పండి: ఎక్కడ, ఎప్పటి నుంచి, ఏ పని ఆగిపోయింది. తర్వాత డాక్టరు అడిగినదానికి జవాబివ్వండి. ఆయన పాదాన్ని ముట్టి చూడకుండానే మందు రాస్తుంటే "ఒకసారి నొక్కి చూస్తారా సార్, ఇక్కడే" అని చెప్పు విప్పి చూపించండి. అడగడం తప్పు కాదు.

బయటికి వచ్చే ముందు ఇవి అడగండి: మీకు దేని మీద అనుమానం ఉంది? ఈ పరీక్షలో ఏం వస్తే ఏం చేస్తాం? ఎన్ని రోజుల్లో తగ్గకపోతే మళ్ళీ రావాలి? ఇది ఎముకల డాక్టరు చూడాల్సిందా, వాతజబ్బులదా, నరాలదా, రక్తనాళాలదా? పొద్దున గంటసేపు కీళ్ళు పట్టేసేవాళ్ళు రుమటాలజిస్టును, అంటే వాతజబ్బుల డాక్టరును చూడాలి. హైదరాబాదు నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. ఎముకల సమస్యైతే తిరుపతిలో టీటీడీ నడిపే బర్డ్ ఆసుపత్రి రాయలసీమవాళ్ళకు దగ్గర.

ఈసారి కూడా పేరు తేలకపోతే, అప్పటిదాకా కాదని తేలిన జబ్బులేవో ఓపీ చీటీ మీద రాసి ఇవ్వమనండి. తర్వాతి డాక్టరు అవే పరీక్షలు మళ్ళీ రాయకుండా అక్కడి నుంచే మొదలుపెడతారు. ఆ చీటీని నోట్‌బుక్‌లో అతికించి, మళ్ళీ రమ్మన్న తేదీని దాని కిందే రాయండి.